పొంగు పందెం

హైదరాబాద్

పిల్లలకు ఆశీస్సులు.

సూక్ష్మజీవులను పెంచే ఆట ఒకటి తయారుచేయాలనుందని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ముందు తేల్చుకోవాల్సింది ఆట వేగం. దాన్ని నిర్ణయించేది మీరు కాదు, ఆ జీవులు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రీడెల్-క్రూస్ అనే శాస్త్రవేత్త బృందం పారమీసియాలతో, అంటే నీళ్లలో ఈదే ఏకకణ జీవులతో, ఆటలు చేసి చూపించింది. నీళ్లలోకి కొద్దిపాటి కరెంటు పంపితే పారమీసియం దారి మార్చుకుంటుంది, ఆ కదలిక వెంటనే తెరమీద కనిపిస్తుంది. అది ఈదే జీవితో ఆడే ఆట. పెరిగే జీవులతో అంత తొందర పనికిరాదు. మన ఆట రాత్రంతా సాగుతుంది, ఆ రాత్రి విసుగనిపించకుండా నియమాలు కట్టడమే అసలు పని.

జీవులను వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇడ్లీపిండి చాలు. ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా మినప్పప్పుతోపాటే వస్తుంది. పిండిలోని చక్కెరలు తిని పులుపునూ, కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. రుబ్బిన మినప్పప్పు జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచుతుంది కాబట్టి పిండి లేస్తుంది. స్కేలుతో కొలవగలిగేది ఆ లేవడాన్నే.

మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు విడివిడిగా నాలుగు గంటలు నానబెట్టండి. మిక్సీ వేడికి పిండి కాగకుండా పప్పును చల్లటి నీళ్లతో రుబ్బండి. రవ్వలోని నీళ్లు పిండేసి, రుబ్బిన పప్పులో కలిపాక ఆ పిండి గరిటె నుంచి ముద్దముద్దగా జారాలి. నీళ్లు ఎక్కువైతే బుడగలు పైకొచ్చి పగిలిపోతాయి, జీవులు బాగానే పనిచేస్తున్నా పిండి లేవదు. అన్ని జట్లకూ ఒకే గిన్నెలోని పిండి ఇవ్వాలి. వేరువేరుగా రుబ్బితే గెలిచింది జట్టో మిక్సీయో తెలియదు.

నిలువుగా, ఒకే వెడల్పుతో ఉన్న గాజు గ్లాసులు కావాలి. పైకి వెడల్పయ్యే గ్లాసులో అదే పొంగు తక్కువగా కనిపిస్తుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసులో 100 మిల్లీలీటర్ల పిండి పోసి, పావు చెంచా ఉప్పు కలిపి, మట్టం దగ్గర ఒక రబ్బరు బ్యాండు వేయండి. మూత వదులుగా పెట్టండి, బిగిస్తే వాయువు బయటికి పోలేదు. జట్టుకొక గ్లాసు కాక, ఎవరిదీ కాని గ్లాసు ఒకటి వంటింటి అరలో ఉండాలి. ఆటలో అన్నిటికన్నా ముఖ్యమైన గ్లాసు అదే. మే నెల ఉక్కలోనూ డిసెంబరు చలిలోనూ ఒకే నియమాలతో ఆడగలిగేది దానివల్లే.

ఇప్పుడు ఎత్తుగడలు. గ్లాసు ఎక్కడ పెట్టాలో జట్టు ఇష్టం: ఫ్రిజ్ పైన, ఏసీ గదిలో, బాల్కనీలో. దాదాపు 30 డిగ్రీల దగ్గర పిండి బాగా పొంగుతుంది. తర్వాత నాలుగు చీటీల్లో రెండు తీసుకోవచ్చు. నిన్నటి పిండి ఒక చెంచా, అర చెంచా చక్కెర: ఈ రెండూ మన గ్లాసుకు. అర చెంచా ఉప్పు, గంటసేపు ఫ్రిజ్: ఇవి ఎదుటి జట్టు గ్లాసుకు. ఉప్పు జీవులను చంపదు, నెమ్మదింపజేస్తుంది. చీటీలన్నీ రాత్రి ఎనిమిదికే వాడేయాలి. ఆ తర్వాత కలిపినా కుదిపినా బుడగలు అణిగిపోతాయి, ఆ గ్లాసు పందెంలో లేనట్టే.

రెండో రబ్బరు బ్యాండు మీ అంచనా. పిండి ఎక్కడిదాకా వస్తుందనుకుంటారో అక్కడ వేయండి. పొద్దున ఆరుకు, ఏడుకు, ఎనిమిదికి చూస్తారు. ప్రతిసారీ జట్టు 'చాలు' అని అప్పటి మట్టాన్నే ఖాయం చేసుకోవచ్చు, లేదా 'ఇంకా చూద్దాం' అనొచ్చు. నాకు నచ్చిన నియమం ఇదే, ఎందుకంటే పిండి ఎప్పటికీ పెరుగుతూ పోదు. ఒక స్థాయి దాటాక బుడగలు చిట్లి మట్టం పడిపోతుంది. ఎండాకాలంలో ఆరు గంటలకే పడిపోవడం మొదలవ్వొచ్చు. చలికాలంలో ఎనిమిదికీ పొంగు మొదలవ్వకపోతే చూసే వేళలను మధ్యాహ్నానికి జరపండి.

లెక్క మిల్లీమీటర్లలో. మీ పొంగు 40, ఎవరిదీ కాని గ్లాసు పొంగు 28 అయితే 12 పాయింట్లు. మీ అంచనా 45 అయితే తేడా 5 తీసేయాలి, మిగిలేది 7. అంచనాకు పాయింట్లు లేకపోతే అందరూ ఫ్రిజ్ పైకే పరిగెత్తుతారు, పిండి గురించి ఎవరూ ఆలోచించరు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. చేతులు, చెప్పులు, మోరీ మీద దూది రుద్ది, దానికంటిన సూక్ష్మజీవులను జెల్లీ మీద పెంచే ఆటలు ఇంట్లో వద్దు. ఏది పెరుగుతుందో చూసి చెప్పలేం. ప్రయోగశాలలో వాటిని పారేసే ముందు ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన వేడి ఆవిరి యంత్రంలో, చంపుతారు, మన దగ్గర అది లేదు. ఆట పిండిలోనూ గులాబీ రంగో నారింజ రంగో కనిపించినా, పైన బూజు పట్టినా, వాసన కుళ్లినట్టున్నా గ్లాసంతా పారబోసి వేడినీళ్లతో కడగండి. వేళ్లు పెట్టిన గ్లాసులోని పిండి తినొద్దు. మిగతా పిండితో ఇడ్లీలు వేసుకోవచ్చు, ఉప్పు చీటీ పడినదాన్ని మాత్రం పక్కన పెట్టి.

మీ తాతయ్య