డెల్టా జీ నాట్ తల మీది చిన్న సున్నా

హనుమకొండ

బిడ్డలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగిన మాట రాత్రి దాకా నన్ను వదల్లేదు. "తాతా, సమతాస్థితిలో డెల్టా జీ సున్నా అంటారు. సూత్రమేమో డెల్టా జీ నాట్ = –ఆర్‌టీ ఎల్ఎన్ కే. సున్నా వేస్తే కే ఎప్పుడూ 1 రావాలి కదా?"

(డెల్టా జీ అంటే చర్యను నడిపే శక్తి తేడా, గిబ్స్ స్వేచ్ఛా శక్తిలో మార్పు. కే సమతాస్థితి స్థిరాంకం, ఆర్ వాయు స్థిరాంకం, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఎల్ఎన్ సహజ లాగరిథమ్.) తప్పంతా ఆ 'నాట్'ను వదిలేయడంలో ఉంది. నానమ్మ టమాటాలు బేరమాడటం చూశారుగా. బేరం కుదిరాక ఇద్దరి ధరల మధ్య తేడా సున్నా. అంతమాత్రాన మొదట్లో ఉన్న తేడా సున్నా అయిపోదు. వాయువులన్నీ 1 బార్ పీడనంలో ఉన్నప్పటి తేడా డెల్టా జీ నాట్. ఈ క్షణాన మిగిలిన తేడా డెల్టా జీ. అది సున్నాకు చేరినప్పుడు ఉన్న పాళ్లను బట్టి వచ్చేదే కే. (కూరలమ్మి బేరం ఆపేస్తుంది, అణువులు ఆపవు. రెండు వైపులా ఒకే వేగంతో మారుతూనే ఉంటాయి.)

ఒక లెక్క చేద్దాం. ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్‌లు కలిసి రెండు అమ్మోనియాలు. 25 డిగ్రీల దగ్గర డెల్టా జీ నాట్ –33 కిలోజౌళ్లు. ఆర్ విలువ 8.314, 25 డిగ్రీలంటే 298 కెల్విన్‌లు; రెండూ గుణిస్తే ఆర్‌టీ 2,478. దాంతో 33,000ను భాగిస్తే 13.3. అది ఎల్ఎన్ కే, కాబట్టి కే దాదాపు 6 లక్షలు! నేను ఒక పరీక్షలో కిలోజౌళ్లను జౌళ్లుగా మార్చకుండా వట్టి 33 వేసి, కే 1.01 అని రాసి వచ్చాను. అప్పటినుంచి ఒక నోటిలెక్క పెట్టుకున్నా: 25 డిగ్రీల దగ్గర ప్రతి 5.7 కిలోజౌళ్లకు కే పది రెట్లు మారుతుంది.

మరి 6 లక్షలుంటే రామగుండంలో యూరియా కోసం అమ్మోనియా చేయడానికి అంత వేడి ఎందుకు? నైట్రోజన్ బంధం మొండిది. ఇనుప ఉత్ప్రేరకం ఉన్నా 400 డిగ్రీలు దాటితేగాని పని చురుగ్గా సాగదు. కానీ ఈ చర్య 92 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది, నాలుగు మోల్‌ల వాయువు రెండవుతుంది, ఎంట్రోపీ (చెల్లాచెదురుతనం) కెల్విన్‌కు 199 జౌళ్లు పడిపోతుంది. 450 డిగ్రీలకు, అంటే 723 కెల్విన్‌లకు, లెక్క కడితే (199ని 723తో గుణించి 92,000 తీసేస్తే) డెల్టా జీ నాట్ దాదాపు +52 కిలోజౌళ్లు, కే పదివేలల్లో రెండు వంతులే. అందుకే వందకు పైగా వాతావరణాల పీడనం పెట్టి, తయారైన అమ్మోనియాను చల్లబరిచి తీసేస్తూ, మిగిలిన వాయువును మళ్లీ తిప్పుతారు.

–33కూ +52కూ మధ్య ఎక్కడో సున్నాను దాటాలి కదా. 92,000ను 199తో భాగించి చూడండి, 462 కెల్విన్‌లు, అంటే దాదాపు 190 డిగ్రీలు వస్తుంది. చిన్నది చెప్పిన కే = 1 ఆ ఒక్క చోట నిజమే.

మీ తాత