రిజిస్టరులో పేరుంటే విశ్వాసి అయిపోతామా? అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా పల్లెల్లో పాస్టరుగా ఉన్నాను. మా క్రైస్తవ సంఘాల (చర్చిల) గురించిన ఈ అపోహల్లో ఎక్కువ భాగం బయటివాళ్లవి కావు, మావే.

అపోహ: బాప్తిస్మం తీసుకుని సంఘం రిజిస్టరులో పేరెక్కితే విశ్వాసి అయినట్టే.

వాస్తవం: ఈ తేడా ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరకు బాగా తెలుసు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్నవాళ్లకు కూలి పని చూపించాడు. పని దగ్గరే బోధ కూడా సాగింది. చాలామంది బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారో, క్రీస్తు కోసం వస్తున్నారో కరువు తీరితే గానీ తేలదనుకుని ఏడాదికి పైగా ఆపేశాడు. సాయం ఇక లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మహాసభల్లో మేం ఈ అంకెను గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆగిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇప్పుడైతే సంఘం కమిటీ ఎన్నికలు దగ్గర పడగానే రిజిస్టరులో పేర్లు పెరుగుతాయి!

అపోహ: అయ్యగారు, అంటే పాస్టరు, ప్రార్థన చేస్తేనే దేవుడు వింటాడు.

వాస్తవం: బైబిల్లో యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో (ఉత్తరంలో) విశ్వాసులందరినీ యాజకులు, అంటే పూజారులు అన్నాడు. క్లౌ దొర కాలంలోనే తోళ్ల పని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య అనే విశ్వాసి ఊరూరా తిరిగి క్రీస్తు గురించి చెప్పాడు. క్లౌ దొర ఆ పల్లెలకు వెళ్లేసరికే నమ్మినవాళ్లు అక్కడ ఎదురుచూస్తున్నారు.

అపోహ: సంఘాలన్నీ రాజకీయాలే. ఇంట్లో బైబిలు చదువుకుని, యూట్యూబులో ప్రసంగం వింటే చాలు.

వాస్తవం: కోర్టు కేసులు, ఆస్తి తగాదాలు చూసి విసిగినవాళ్ల మాట ఇది. వాళ్ల కోపాన్ని నేను తప్పు పట్టను. కానీ పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో ఉన్న సంఘానికి వందనాలు చెప్పాడు. అక్కడ గోపురం లేదు, గంట లేదు. మనుషులు మాత్రం ఉన్నారు. జ్వరంతో పడుకుంటే యూట్యూబు ప్రసంగీకుడు జావ కాచి తీసుకురాడు కదా.

అపోహ: దశమభాగం (ఆదాయంలో పదోవంతు) ఇస్తే దీవెన, ఇవ్వకపోతే శాపం.

వాస్తవం: దశమభాగం తెమ్మని చెప్పే బైబిలు గ్రంథం మలాకీ మూడో అధ్యాయాన్ని మేం ఎన్నిసార్లు చదివి వినిపిస్తామో చెప్పనక్కర్లేదు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం మాత్రం అరుదుగా తెరుస్తాం. మూడేళ్లకోసారి ఆ పదోవంతును ఊళ్లోనే ఉంచాలి, లేవీయులతో (గుడి సేవ చేసేవాళ్లతో) పాటు పరదేశులు, దిక్కులేని పిల్లలు, విధవరాళ్లు కడుపునిండా తినాలి అని అక్కడ ఉంది. అది చదివాకే మా సంఘంలో ఏడాది లెక్కలు చెప్పేటప్పుడు విధవరాళ్లకు వెళ్లింది ఎంతో విడిగా చదవడం మొదలుపెట్టాను. మొదటి ఏడాది అది మైకు సెట్టు ఖర్చు కంటే తక్కువ వచ్చింది.