విమానానికి మూడు నెలల ముందు కాపర్-టీ

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్, భర్త అకౌంటెంట్. ఇద్దరికీ మస్కట్‌లో ఉద్యోగం దొరికింది, రెండేళ్ల కాంట్రాక్టు. ఏడాదిన్నర బాబును అత్తగారి దగ్గర వదిలి వెళ్తున్నారు. అక్కడికి పోయాక మళ్లీ నెల తప్పితే ఉద్యోగం ఏమవుతుందోనని టెన్షన్. "కాపర్-టీ వేయించుకుందామంటే మా అత్తమ్మ వద్దంటోంది మేడమ్. అది పైకి పాకి గుండెకు పోతుందట. ఒంట్లో రాగి విషమవుతుందట. ఎయిర్‌పోర్టులో మెషిన్ మోగుతుందని మా ఆడబిడ్డ భయపెడుతోంది. ఇంకా నాలుగు నెలల టైముంది కదా, వెళ్లే ముందు వారం వేయించుకుంటే సరిపోతుందా?"

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. సరిపోదు. వేయించుకోవాలనుకుంటే ఈ నెలలోనే వేయించుకోండి. కాపర్-టీ అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే, రాగి చుట్టిన 'టీ' ఆకారపు చిన్న ప్లాస్టిక్ సాధనం. ఎందుకు ముందే వేయించుకోవాలో తెలియాలంటే గర్భసంచిలో ఆ రాగి ఏం చేస్తుందో చూడాలి.

గర్భం ఎలా వస్తుందో ఇక్కడ మళ్లీ చెప్పను, పదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. ఆ పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేసే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు, అది నాకు చాలా బాధ. ఆ ఒక్క పాఠం క్లాసులో సరిగ్గా చెప్పి ఉంటే, కాపర్-టీ గుండెకు పాకుతుందన్న భయం ఇన్ని ఇళ్లల్లో ఉండేది కాదు. గర్భసంచికీ గుండెకూ మధ్య దారే లేదు. గర్భసంచి దళసరి కండరంతో చేసిన సంచి. కింద ముఖద్వారం, పైన రెండు పక్కలా దారపు పోగంత సన్నటి రంధ్రాలతో ఫాలోపియన్ నాళాలు. కాపర్-టీ చేతులు 32 మిల్లీమీటర్ల వెడల్పు. అది ఆ నాళాల్లో దూరి పైకి పోలేదు. వేసేటప్పుడు గర్భసంచి గోడకు రంధ్రం పడడం మాత్రం నిజంగా జరగగల ప్రమాదమే, కానీ చాలా అరుదు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి. అప్పుడు కూడా అది పొత్తికడుపులోకి జారుతుందే తప్ప గుండె దాకా పోదు. ఎక్కడుందో ఎక్స్‌రేలో కనిపించాలనే దాని ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలుపుతారు.

ఇక రాగి సంగతి. మన ఇళ్లల్లో రాగి చెంబు తెలియనివారు లేరు. రాత్రి నీళ్లు పోసి మూతపెట్టి పొద్దున తాగుతారు. నీళ్లు తగిలిన చోట రాగి పైపొరలోని పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుని అయాన్లుగా మారి నీళ్లలోకి దిగుతాయి. కంటికి కనిపించవు, వంటింటి తూకానికి అందవు. అయినా రాగి పాత్రలో రాత్రంతా ఉంచిన నీళ్లలో విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా చచ్చిపోతుందని ప్రయోగశాలల్లో పరీక్షించి చూశారు. కాపర్-టీ పని కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చెంబులో రాగి చుట్టూ ఉంటే నీళ్లు లోపల ఉంటాయి, గర్భసంచిలో రాగి మధ్యలో ఉంటే ద్రవం చుట్టూ ఉంటుంది.

చెంబు ఎంత బరువుంటే ఏంటి, నీళ్లకు తగిలే రాగి ఎంత మేర ఉందన్నదే లెక్క. పక్కన మందపాటి గంగాళం పెట్టుకున్నా, నీళ్లు తగలని రాగి నుంచి ఒక్క అయాన్ కూడా దిగదు. కాపర్-టీ 380ఏ అన్న పేరులో 380 అంటే ఇదే: ద్రవానికి తగిలే రాగి ఉపరితలం 380 చదరపు మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల చదరం కంటే కాస్త తక్కువ. అందుకోసం 'టీ' కాడకు సన్నటి రాగి తీగ చుడతారు, రెండు చేతులకూ రాగి తొడుగులు వేస్తారు. ఉపరితలం పెరిగేకొద్దీ ఏమవుతుందో తొలి ప్రయోగాల్లోనే తేలిపోయింది. 1969లో చిలీ దేశపు డాక్టర్ హైమె జిప్పర్ కుందేళ్ల మీద పరీక్షించాడు. కుందేలు గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. ఒక దాంట్లో రాగి తీగ పెట్టి రెండోదాన్ని ఊరికే వదిలితే, రాగి ఉన్న కొమ్ములో గర్భాలు నిలవలేదు. అప్పటికే అమెరికాలో హోవర్డ్ టాటమ్ ప్లాస్టిక్‌తో 'టీ' ఆకారపు సాధనం చేశాడు. వాడడానికి ఇబ్బంది లేదు, కానీ ఏడాదిలో నూటికి సుమారు 18 మందికి గర్భం వచ్చేది. దానికి 30 చదరపు మిల్లీమీటర్ల రాగి తగిలిస్తే ఆ సంఖ్య 5కు పడింది. 200 చేస్తే 1 దగ్గరికి వచ్చింది. 380తో ఒకటి కంటే కిందికి దిగింది. ప్లాస్టిక్ అదే, ఆకారం అదే, మారింది రాగి మేర ఒక్కటే. ఇంత తేటగా ఒక కారణాన్ని చూపించే ప్రయోగం వైద్యశాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. పిల్లలకు ప్రయోగం అంటే ఏమిటో నేర్పాలంటే నేను దీన్నే చెబుతాను.

చెంబులో లీటరు నీళ్లుంటాయి. గర్భసంచిలో ద్రవం ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. రోజుకు దిగే రాగి సుమారు 50 మైక్రోగ్రాములు. అదే లీటరు నీళ్లలో కలిస్తే ఏమీ కాదు, తాగేనీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా, అంటే దానికి 40 రెట్ల దాకా, రాగి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. కానీ ఆ 50 మైక్రోగ్రాములు కొద్ది చుక్కల్లోకి దిగితే ఆ చుక్కల్లో రాగి బాగా చిక్కగా ఉంటుంది. వీర్యకణాలు ఈదుకుంటూ రావాల్సింది ఆ చిక్కని ద్రవంలోంచే. ఒంటి మొత్తానికి లెక్కేస్తే మాత్రం అది చాలా తక్కువ. మనం తినే పప్పులు, నువ్వులు, కాలేయం నుంచి రోజూ మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాముల రాగి ఒంట్లోకి పోతూనే ఉంటుంది. కాపర్-టీ వదిలేది అందులో ఇరవయ్యో వంతు, లేదా అంతకంటే తక్కువ. విల్సన్ జబ్బు ఉన్నవారికి, అంటే కాలేయం రాగిని బయటికి పంపలేని వారికి, రాగి పడక ఎలర్జీ వచ్చేవారికి తప్ప రాగి విషమవుతుందన్న మాటకు ఆధారం లేదు.

వీర్యకణం మీద జరిగే దాడి ఇది. వీర్యకణపు పైపొర ఎక్కువగా అసంతృప్త కొవ్వు ఆమ్లాలతో అల్లి ఉంటుంది, తోక అటూ ఇటూ వంగాలంటే ఆ మెత్తదనం కావాలి. ఒక ధనావేశం ఉన్న రాగి అయాన్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే, తగిలినదాన్నల్లా దెబ్బతీసే నిలకడలేని కణం పుడుతుంది. జీవకణాల్లో పుట్టే రాడికల్స్‌లో దీని అంత తీవ్రమైనది అరుదు. అది ఆ కొవ్వు పొరను ఆక్సీకరణం చేసి చిల్లులు పెడుతుంది. మరోపక్క రాగి అయాన్లు ఎంజైముల్లోని గంధకపు గుంపులకు అంటుకుని వాటిని పనిచేయకుండా చేస్తాయి. నడిమి భాగంలో ఉన్న మైటోకాండ్రియాలో శక్తి తయారీ తగ్గుతుంది, తోక ఊపు నీరసిస్తుంది. తలమీది ఆక్రోసోమ్ అనే టోపీలో అండపు పొరను కరిగించే ఎంజైములుంటాయి. అది సరైన సమయంలో తెరుచుకోవడం కూడా దెబ్బతింటుంది. దీనికి తోడు కొత్త వస్తువు లోపలికి వచ్చిందని తెల్లరక్తకణాలు గర్భసంచిలోకి చేరతాయి. క్రిములు లేకుండానే వచ్చే వాపు అది. అవి కూడా వీర్యకణాలను మింగుతాయి, ఇంకొంచెం పెరాక్సైడ్ విడుదల చేస్తాయి. కోట్లలో బయలుదేరిన వీర్యకణాల్లో మామూలుగానే నాళం దాకా చేరేవి కొన్ని వందలు. రాగి ఉన్నచోట అవీ చేరవు, చేరినా అండాన్ని ఛేదించే స్థితిలో ఉండవు.

"కాపర్-టీ అంటే నెలనెలా గర్భం పోగొట్టుకోవడమే" అని పెద్దవాళ్లు కొందరు పాపభయంతో వద్దంటారు. వాళ్ల బాధను నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ఇది చెప్పాలి: కాపర్-టీ వాడుతున్న స్త్రీల నాళాల నుంచి అండాలు సేకరించి పరిశోధకులు చూశారు. మామూలుగా ఎదుగుతున్న పిండం వాటిలో కనిపించలేదు. అది పనిచేసేది ప్రధానంగా ఫలదీకరణకు ముందే.

ఇప్పుడు మూడు నెలల మాట. చెంబు నల్లబడితే చింతపండు వేసి తోముతాం. పైనున్న ఆక్సైడ్ పొర పులుపుకు కరిగి కొత్త రాగి బయటపడుతుంది. అప్పుడే తోమిన చెంబు నుంచి రాగి తొందరగా దిగుతుంది, పొర కట్టాక నెమ్మదిస్తుంది. కొత్త కాపర్-టీ కూడా తోమిన చెంబే. మొదటి వారాల్లో అయాన్ల విడుదల ఎక్కువగా ఉంటుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే, నొప్పి, వాపు తెప్పించే రసాయనాలు పెరిగి కడుపునొప్పి, ఎక్కువ బ్లీడింగ్, మధ్యమధ్య మరకలు కనిపిస్తాయి. మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి ఇవి సర్దుకుంటాయి. నొప్పికి ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లనే తగ్గిస్తాయి కాబట్టి బాగా పనిచేస్తాయి, కాకపోతే డాక్టరును అడిగి వేసుకోవాలి. ఇన్ఫెక్షన్ ముప్పు మొదటి 20 రోజుల్లోనే ఎక్కువ. జారి బయటికి వచ్చేయడం కూడా ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే, అదీ నెలసరి సమయంలో జరుగుతుంది.

అంటే రాగల ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. అది మిర్యాలగూడలో, తెలిసిన డాక్టరమ్మ, ఏఎన్ఎం, అమ్మగారిల్లు దగ్గర ఉన్నప్పుడు గడిచిపోవాలి. కొత్త దేశం, కొత్త డ్యూటీ, ఇన్సూరెన్సు కార్డు ఇంకా చేతికి రాని రోజుల్లో రాకూడదు. వేయించుకునే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. అసలే రక్తం తక్కువగా ఉంటే నెలసరి బ్లీడింగ్ పెరగడం చిన్న విషయం కాదు. తక్కువుంటే ఐరన్ మాత్రలు ముందే మొదలుపెట్టాలి, మరీ తక్కువుంటే వేరే పద్ధతి చూసుకోవాలి. వేయించుకున్నాక వచ్చే నెలసరి తర్వాత, మళ్లీ మూడో నెలలో చూపించుకుని, కాపర్-టీ కొసకు కట్టి ముఖద్వారంలోంచి కిందికి దిగి ఉండే దారం చోటులోనే ఉందని తేల్చుకున్నాకే సూట్‌కేసు సర్దుకోండి.

ఎయిర్‌పోర్టు మెషిన్ మోగదు. అందులో ఉన్న రాగి మొత్తం సుమారు 310 మిల్లీగ్రాములు, గ్రాములో మూడో వంతు. మీ పుస్తెలతాడులో లోహం అంతకు ఎన్నో రెట్లు. రాగికి అయస్కాంత గుణం లేదు కాబట్టి ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా తీయవచ్చు, ముందే చెబితే చాలు. గల్ఫ్ వీసా మెడికల్‌లో తీసేది ఛాతీ ఎక్స్‌రే, అందులో ఇది కనిపించదు.

మిగతా పద్ధతుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మాలా-ఎన్ మాత్ర మంచిదే. మస్కట్ టైము మనకంటే గంటన్నర వెనక, దానివల్ల ఇబ్బంది రాదు. కానీ రెండేళ్లు రోజూ గుర్తుంచుకోవాలి, షిఫ్టులు మారుతుంటాయి, మాత్రలు అయిపోతే కొత్త ఊళ్లో ప్రిస్క్రిప్షన్ కావాలి. ఛాయ మాత్ర లక్నోలోని మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ కనిపెట్టినది, హార్మోను కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి. దీనికి కూడా స్టాకు తీసుకెళ్లాలి. అంతర సూది మూడు నెలలకోసారి, అక్కడ ఎవరు వేస్తారో ముందే కనుక్కోవాలి. పైగా ఆపాక గర్భం రావడానికి చివరి సూది నుంచి సగటున తొమ్మిది పది నెలలు పడుతుంది. కాంట్రాక్టు అయ్యాక వెంటనే రెండో బిడ్డ కావాలనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. కాపర్-టీ తీస్తే అలాంటి ఆలస్యం ఉండదు. హార్మోను ఉన్న లూప్ బ్లీడింగ్‌ను తగ్గిస్తుంది, రక్తహీనత ఉన్నవారికి అది మేలు, కానీ ఖరీదు ఎక్కువ. ఇక రాగి చెంబు బ్యాక్టీరియాను చంపుతుంది కదా అని కాపర్-టీ సుఖవ్యాధుల నుంచి కాపాడుతుందనుకోవద్దు. పోలిక అక్కడితో ఆగిపోతుంది. దానికి నిరోధ్ ఒక్కటే దారి.

మస్కట్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మన పాలమూరు సంగతి. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి సీజన్‌కు ముంబై, పుణె పనులకు వెళ్లే ఆడవాళ్లకు ఊళ్లో ఆశ వర్కర్ ఉంటుంది, సైటు దగ్గర ఎవరూ ఉండరు. ఇళ్లల్లో పనికి గల్ఫ్ వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. సెలవు రోజు ఉండదు, ఆస్పత్రికి పోవాలంటే యజమాని దయ ఉండాలి. రోజూ గుర్తుంచుకోవాల్సిన, కొనుక్కోవాల్సిన, అడుక్కోవాల్సిన పద్ధతి వాళ్లకు పనికిరాదు. వెళ్లేముందే పీహెచ్‌సీలో కాపర్-టీ ఉచితంగా వేస్తారు. భర్త సంతకం చట్టప్రకారం అవసరం లేదు, ఎవరైనా అడిగితే అవసరం లేదని గట్టిగా చెప్పండి.

అక్కడ ఉండగా నెల తప్పి, కడుపులో ఒక పక్క నొప్పి వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కాపర్-టీతో గర్భం రావడం అరుదు, కానీ వస్తే అది నాళంలో నిలిచి ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. నాళం పగిలితే ప్రాణాపాయం. దారం తగలకపోయినా, గట్టి ప్లాస్టిక్ కొస చేతికి తగిలినా డాక్టరుకు చూపించేదాకా నిరోధ్ వాడాలి. దారం మీరే లాగవద్దు.

వేసినప్పుడు ఇచ్చే కార్డును ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. వేసిన తేదీ, రకం అందులో ఉంటాయి. కాపర్-టీ 380ఏ అయితే పదేళ్లు, 375 అయితే ఐదేళ్లు పనిచేస్తుంది. మస్కట్‌లోనైనా నల్గొండలోనైనా తీసే డాక్టరు ముందు అడిగేది ఈ రెండు వివరాలే.