బీఏ కోసం అప్పు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక బ్యాంకు శాఖలో విద్యా రుణాలు చూస్తాను. ఇంజనీరింగ్ సీటు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు నన్ను వడ్డీ ఎంత అని అడుగుతారు. బీఏ అనగానే ప్రశ్న మారిపోతుంది: "ఈ చదువుకు విలువ ఉందంటారా సార్?" ఎంతకు కొంటున్నారో చెప్పకుండా విలువ అడిగితే నేనేం చెప్పను? అదే ఎకనామిక్స్ నిజాం కాలేజీలోనూ ఉంది, ఏడాదికి లక్షలు తీసుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనూ ఉంది.

అపోహ: ఉద్యోగం వచ్చాకే కట్టాలి కాబట్టి ఇప్పుడు భయం లేదు.

ఎక్కువ ఇళ్లను ముంచుతున్నది ఇదే. చదువు సాగినంత కాలం, ఆ తర్వాత సాధారణంగా మరో ఏడాది వాయిదాలు ఉండవు, నిజమే. వడ్డీ మాత్రం మొదటి విడత సొమ్ము కాలేజీ ఖాతాకు చేరిన రోజు నుంచే నడుస్తుంది. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 5 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. తీసుకున్నది 20 లక్షలు. మొదటి విడత మీద ఐదేళ్లు, రెండో దాని మీద నాలుగేళ్లు, అలా చివరిదాని మీద రెండేళ్లు బారువడ్డీ పడుతుంది. మొత్తం 7 లక్షలు. వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 27 లక్షలు! పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 35,700 రూపాయలు. పదిహేనేళ్లకు పెంచితే 29,000. కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన పిల్లకు చేతికొచ్చే జీతం 30,000 అయితే ఆమె ఏం తినాలి, ఎక్కడ ఉండాలి?

పైగా బీఏ సబ్జెక్టుల్లో మంచి జీతం చాలామందికి పీజీ తర్వాతే వస్తుంది. పీజీలో చేరితే వాయిదాలు ఇంకొంత కాలం ఆపమని బ్యాంకును అడగవచ్చు, వడ్డీ మాత్రం ఆగదు. చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టేస్తూ ఉంటే భారం పేరుకోదు, కొన్ని బ్యాంకులు రేటులో 1 శాతం రాయితీ కూడా ఇస్తాయి. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకునేవారు చాలా తక్కువ.

నాగోలు వైపు హార్డ్‌వేర్ దుకాణం ఉన్న ఒక తండ్రి ఇంటి కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చారు. కూతురికి ఎకనామిక్స్ అంటే ప్రాణం, వేరే రాష్ట్రంలో ప్రైవేటు సీటు వచ్చింది. పై లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ అమ్మాయే అడిగింది, "సగటు ప్యాకేజీ ఎనిమిదిన్నర లక్షలని వాళ్ల బ్రోచర్‌లో ఉంది కదండీ?" పదిమందిలో ఒకరికి 40 లక్షలు, తక్కిన తొమ్మిదిమందికి ఐదేసి లక్షలు వచ్చినా సగటు ఎనిమిదిన్నరే అవుతుందమ్మా అన్నాను. వరుసలో నడుమ నిలబడే విద్యార్థికి ఎంత వస్తోంది, అసలు ఎంతమంది ప్లేస్‌మెంట్‌కు కూర్చున్నారు అని కాలేజీకి మెయిల్ రాయమన్నాను. జవాబుగా మళ్లీ ఆ బ్రోచరే వచ్చింది.

ఆ అమ్మాయి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ అప్పటికే రాసి ఉంది. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరింది. అక్కడి ఫీజు ప్రైవేటు ఫీజులో చాలా చిన్న భాగం. ఇంటి కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. తండ్రికి మాత్రం ఇప్పటికీ నా మీద కొంచెం కోపమే, బంధువుల్లో చెప్పుకోవడానికి పెద్ద పేరు లేకుండా చేశానని.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలన్నీ మోసమని నేను అనడం లేదు. బోధన బాగుండే చోట్లు ఉన్నాయి, స్కాలర్‌షిప్ వస్తే లెక్కే మారిపోతుంది. ముందు స్కాలర్‌షిప్ ఉత్తరం చేతికి రానివ్వండి, ఆ తర్వాత నా దగ్గరకు రండి.

అపోహ: బీఏ చదివితే దారులు మూసుకుపోతాయి.

దీని మీద ఎక్కువ సమయం వృథా చేయను. సివిల్స్, గ్రూప్–2, బ్యాంకు పీవో పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ ఉంది, ఎంబీఏకు క్యాట్, ఐసెట్ ఉన్నాయి. ఇంగ్లిషు మీద మనసుంటే తార్నాకలో ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే దోస్త్‌లో, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన కోఠి మహిళా కళాశాల పేరు చూసి కూడా దాటేసి, వాట్సాప్‌లో ఎవరో పంపిన "పనికిరాని డిగ్రీలు" జాబితాను నమ్ముతారు. ఆ జాబితా రాసినవాడి ఉద్యోగం ఏమిటో ఎవరూ అడగరు.

అపోహ: పీఎం విద్యాలక్ష్మి ఉంది, ప్రభుత్వమే కడుతుంది.

కట్టదు. 2024లో వచ్చిన ఈ పథకం కింద, జాబితాలో ఉన్న సంస్థల్లో చదివితే పూచీకత్తు లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు మీరే తీర్చాలి. జాబితా విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి మీ కాలేజీ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి.

అపోహ: అప్పు పిల్లల పేరు మీదే కదా.

తల్లి గానీ తండ్రి గానీ సాధారణంగా సహ రుణగ్రహీతగా సంతకం చేయవలసిందే. వాయిదా తప్పితే, అప్పులు సరిగా తీరుస్తున్నారో లేదో చెప్పే సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడిపోతుంది. రేపు తమ్ముడి చదువుకు అప్పు కావాలని వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఆ స్కోరునే.