బొగ్గు గనుల ఊళ్లు, వాటి పేర్లు: అపోహలు - వాస్తవాలు

బొగ్గు బెల్టులో ఒక్కో చోటుకు మూడు నాలుగు పేర్లుంటాయి. రెవెన్యూ కాగితంలో ఒకటి, కంపెనీ లెక్కల్లో ఒకటి, రైల్వే బోర్డు మీద ఒకటి, జనం నోట్లో ఇంకొకటి. వీటిలో ఏదో ఒకదాన్ని 'అసలు పేరు' అని పట్టుకుని మిగతావి కొట్టేయడం వల్లే మన స్థానిక చరిత్రల్లో తప్పులు పేరుకుపోతున్నాయి. సింగరేణి ఊళ్లలో పేర్లు, జ్ఞాపకాలు సేకరిస్తుంటే తరచూ వినిపించే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: సింగరేణి అంటే బొగ్గు దొరికే ప్రాంతమంతా.

సింగరేణి ఒక ఊరు. ఖమ్మం జిల్లాలో, కారేపల్లి దగ్గర ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించింది మాత్రం ఇల్లెందు దగ్గర. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాత గోదావరి అవతల బెల్లంపల్లి, మందమర్రి బొగ్గు బావుల్లో (గనుల్లో) దిగినవాళ్లు కూడా 'సింగరేణిలో చేశాం' అనే చెప్పుకున్నారు. అందుకే పాత కాగితంలో ఆ పేరు కనిపిస్తే అది ఊరా, బొగ్గు క్షేత్రమా, కంపెనీయా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇల్లెందు కోసం వెతికేవాళ్లు బ్రిటిష్ కాలం నాటి ఇంపీరియల్ గెజిటీర్‌లో 'యెల్లండ్లపాడు' అని చూడాలి. స్థానికులనైతే బొగ్గుట్ట గురించి అడగాలి, ఇల్లెందును జనం పిలిచే పేరు అది.

జిల్లా సంగతి కూడా మర్చిపోవద్దు. ఇల్లెందు ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, 2016కి ముందు ఖమ్మం, 1953కి ముందు వరంగల్. ఫైలు ఏ జిల్లా కింద ఉంటుందో తెలియక ఎంతోమంది ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

అపోహ: భద్రాచలం యాత్రికుల పొయ్యి కథ కట్టుకథ, కాబట్టి రాసుకోనక్కర్లేదు.

యాత్రికులు వంట కోసం నల్లరాళ్లతో పొయ్యి పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయని పెద్దవాళ్లు చెప్తారు. బొగ్గు ఎప్పుడు బయటపడిందో తేల్చడానికి ఈ కథ పనికిరాదు. కానీ బొగ్గును మొదట చూసింది దొరలు కాదు, దారిన పోయే మామూలు మనుషులని ఇక్కడివాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకం కూడా చరిత్రే. కథను కథగా, రికార్డును రికార్డుగా పక్కపక్కనే రాయండి.

అపోహ: స్టేషన్ బోర్డు మీద ఉన్నదే ఊరి పేరు.

కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, గోదావరి దాటి పోవాలి.

అపోహ: 'ఖని' అని ఉంటే ప్రాచీన నామం.

1954-55 ఖాస్రా పహాణీలో (పాత భూమి రికార్డులో) గోదావరిఖని కోసం వెతికితే దొరకదు. రామగుండం, అక్కడి జనగామ లాంటి పాత గ్రామాల శివార్లు చూడాలి. బావులు వచ్చాకే ఆ పేరు పుట్టింది. రవీంద్రఖని, కళ్యాణిఖని, పద్మావతిఖని కూడా కంపెనీ పెట్టుకున్న పేర్లే. జనం వీటిని ఆర్‌కే, కేకే, పీవీకే అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. ఆర్‌కే అంటే రామకృష్ణాపూర్ అనుకుని రాసేస్తుంటారు, అది రవీంద్రఖని. యైటింక్లైన్ (ఎయిట్ ఇంక్లైన్) కాలనీ పేరు చూసి మొదటి ఏడు కాలనీలు ఎక్కడని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఎనిమిది బావి నంబరు. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా బొగ్గు పొరలోకి దిగే దారి.

అపోహ: కంపెనీ రికార్డులో ఉన్న పేరే మనిషి పేరు.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. సింగరేణిలో మారుపేర్ల సంగతి తెలియని ఇల్లు తక్కువ. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిలో చేరి, రిటైరయ్యేదాకా ఆ పేరుతోనే మస్టర్ (హాజరు) పడినవాళ్లున్నారు. ఇంట్లో ఒక పేరు, బావి మీద ఒక పేరు. పాత పే స్లిప్పు, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్) కాగితం చేతికొస్తే బావి పేరు, హోదా, చేరిన తేదీ చక్కగా దొరుకుతాయి. బదిలీ ఫిల్లర్‌గా (రానివాళ్ల బదులు బొగ్గు నింపే కార్మికుడిగా) చేరాడా, జనరల్ మజ్దూర్‌గా (మామూలు కూలీగా) చేరాడా తెలుస్తుంది. కానీ ఆ పేరును పట్టుకుని వంశవృక్షం గీస్తే వేరే కుటుంబానికి పోతాం. పైగా ఇది డిపెండెంట్ ఉద్యోగాలతో, అంటే కార్మికుడి తర్వాత ఇంట్లోవాళ్లకు వచ్చే ఉద్యోగాలతో, ముడిపడ్డ విషయం. మీ వ్యాసం వల్ల ఒక ఇంటికి టెన్షన్ రాకూడదు. ఆ కాగితాల నుంచి బావి పేరు, సంవత్సరం మాత్రం తీసుకోండి, మనిషి పేరు, నంబరు వదిలేయండి. నా వరకు ఇందులో మినహాయింపు లేదు.

అపోహ: పెద్దమనిషిని 'ఈ పేరు ఎలా వచ్చింది తాతా?' అని అడిగితే చాలు.

అలా అడిగితే ఆయన విన్న కథ ఒకటి చెప్తాడు, మీ పని అక్కడితో ఆగిపోతుంది. 'మొదటి షిఫ్టుకు ఏ దారిన పోయేవాళ్లు? దారిలో ఏమేం దాటేవాళ్లు? జీతాల రోజు అంగడి ఎక్కడ సాగేది?' అని అడగండి. నడక గుర్తొస్తే దారిలోని పేర్లు వాటంతటవే వస్తాయి. ఏ మ్యాపులోనూ లేని వాగు, చింతచెట్టు, పాత హాలర్ (బొగ్గు టబ్బులను తాడుతో లాగే యంత్రం) గది బయటపడతాయి. అమ్మలను తప్పకుండా అడగండి. నీళ్లు ఎక్కడినుంచి మోశారో, ఏ లైన్‌లో (క్వార్టర్ల వరుసలో) ఎవరుండేవాళ్లో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పలికింది పలికినట్టే ముందు రాసుకుని, స్పెల్లింగ్ తర్వాత చూసుకోండి.

అపోహ: మూసేసిన బావిలోకి దిగి చూస్తేనే అసలు పరిశోధన.

వద్దు. నేల కుంగుతుంది, లోపల గ్యాస్ ఉంటుంది. బయటనుంచి ఫొటో తీసుకుంటే చాలు.

అపోహ: ఓపెన్‌కాస్ట్‌లో (పైనుంచి నేలంతా తవ్వే గనిలో) పోయిన ఊరి వివరాలు ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంటాయి.

భూసేకరణ నోటిఫికేషన్‌లో గ్రామం పేరు, సర్వే నంబర్లు, విస్తీర్ణం ఉంటాయి. పొలాల పేర్లు, నీళ్ల బావుల పేర్లు, బొడ్రాయి ఏ వాకిలి ముందు ఉండేదో ఉండదు. ఊరు కదలబోతోందని తెలిస్తే పాత గ్రామ నక్ష కాపీ ఒకటి తీసుకుని, నలుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, సర్వే నంబరు పక్కన వాళ్లు పిలిచే పేరు పెన్సిల్‌తో రాయించండి. ఇద్దరు వేర్వేరు పేర్లు చెప్తే రెండూ రాయండి. ఊరు ఖాళీ అయి జనం ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీకి, బంధువుల ఊళ్లకు చెదిరిపోయాక ఆ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టడం చాలా కష్టం.