గీజ్ చదవాలంటే గుణింతం వస్తే చాలా? అపోహలు - వాస్తవాలు

అపోహ: గీజ్ అంటే పాత అమ్హారిక్.
కాదు. గీజ్ ఇథియోపియా ప్రాచీన భాష, అమ్హారిక్ అక్కడ ఇప్పుడు మాట్లాడే భాష. రెండూ ఇథియోపియా సెమిటిక్ (అరబ్బీ, హీబ్రూల కుటుంబం) భాషలే, లిపి కూడా ఒకటే. వరస చూస్తే మాత్రం గీజ్ అమ్హారిక్‌కు తల్లి కాదు, పెద్దమ్మ. అమ్హారిక్‌లో క్రియ మన తెలుగులోలాగే వాక్యం చివర ఉంటుంది, గీజ్‌లో తరచూ ముందే వచ్చేస్తుంది.

అపోహ: అక్షరాలు వస్తే చదివేయొచ్చు.
26 హల్లులు, ఒక్కోదానికి 7 రూపాలు, మొత్తం 182. గుణింతం దిద్దిన చేతికి ఇదేమంత కష్టం కాదు. చిక్కంతా ఆరో రూపంతోనే. 'ఇ'కి దగ్గరగా పలికే పొట్టి అచ్చుకీ, పొల్లుకీ అదే గుర్తు. ద్విత్వానికైతే అసలు గుర్తే లేదు. 'చెబుతాడు' అనే క్రియ చూడండి. రాతలో కనిపించేవి నాలుగక్షరాలు: యి-న-గి-రి. పలకాల్సింది 'యినగ్గిర్'. ఆరో రూపంలో ఉన్న మూడింటిలో మొదటిదానికి అచ్చు ఉంది, గకారం ద్విత్వమైంది, చివరిది పొల్లయింది. ఇదంతా తెలిసేది వ్యాకరణం వల్లే. అందుకే క్రియారూపాలు నోటికి రాకముందు రాతప్రతి పట్టుకోవద్దు. మొదట్లో ప్రతి పదాన్నీ ఒత్తులు, పొల్లులతో తెలుగు లిపిలో పక్కన రాసుకోండి. ఎక్కడ తడబడ్డారో ఇట్టే తెలుస్తుంది.

అపోహ: నిఘంటువులో దొరకని పదం లేనట్టే.
పలుకుబడిలో మూడు హకారాలు కలిసిపోయాయి, సకారాలు రెండూ ఒకటయ్యాయి. లేఖకులు ఒకదాని బదులు ఇంకోటి రాసేశారు. 'నిగుస్' (రాజు) పదాన్నే రెండు సకారాలతోనూ చూస్తాం. ముందు చేరిన 'వ' (మరియు), 'యి' (క్రియకు ముందు వచ్చే 'అతడు' గుర్తు) లాంటివి తీసేసి, ధాతువులోని హల్లులు పట్టుకుని, వీలున్న రూపాలన్నీ వెతకాలి. హకారం, సకారం రెండూ ఉన్న ధాతువుకు ఆరుసార్లు! డిల్‌మన్ నిఘంటువు (1865) గీజ్ అక్షరక్రమంలో, లాటిన్ అర్థాలతో ఉంటుంది. లెస్లావ్‌ది (1987) రోమన్ క్రమంలో, ఇంగ్లిషు అర్థాలతో. కొత్తవాళ్లు రెండోదానితో మొదలుపెట్టడం మంచిది.

అపోహ: గీజ్ గ్రంథాలన్నీ అనువాదాలే, మూలం చూస్తే చాలు.
హనోకు గ్రంథం (ప్రాచీన యూదు మతగ్రంథం) పూర్తిగా మిగిలింది గీజ్‌లోనే. మూలభాషైన అరమాయిక్‌లో దొరికినవి ముక్కలే. ఇక రాజుల చరిత్రలు, 'ఖినే' కవిత్వం అక్కడే పుట్టినవి.

అపోహ: రాతప్రతి చివర ఉన్న సంవత్సరమే దాని తేదీ.
అది ఏ లెక్కో ముందు చూడాలి. సృష్ట్యాది లెక్కయితే 5500 తీసేయాలి: 7250 అంటే ఇథియోపియా లెక్కలో 1750. వాళ్ల సంవత్సరాది సెప్టెంబరులో కాబట్టి, క్రీస్తుశకంలోకి మార్చడానికి డిసెంబరు దాకా 7, జనవరి నుంచి 8 కలపాలి: 1757 లేదా 1758. 'కృపా సంవత్సరం' అని ఉంటే అది 532 ఏళ్లకోసారి మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యే చక్రం కావచ్చు. ఆ ప్రతిలోనే రాజు పేరో, మతగురువు పేరో దొరికితే తప్ప ఏ చక్రమో తేల్చలేం.