ఎడారి కోట కింద తడి

డిసెంబర్ సెలవులు వచ్చాయంటే చాలు, మన హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల నిండా జైసల్మేర్ ఫోటోలే. ఒంటె, తలపాగా, వెనకాల పసుపు రంగు కోట. 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన ఆ కోట ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఎండనీ ఇసుక గాలినీ శత్రువులనీ తట్టుకుంది గానీ, గత కొన్ని దశాబ్దాలుగా గోడలు అక్కడక్కడా జారిపోతున్నాయి. కారణం నీళ్లు! ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట. 2020 అక్టోబర్‌లో మన బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు అంత పడింది, గుర్తుందిగా.

సంగతి అర్థం కావాలంటే రాయి దగ్గర మొదలుపెట్టాలి. గైడులు ఇసుకరాయి అని చెప్పేస్తారు గానీ, ఆ పసుపు రాయిలో చాలా భాగం సున్నపురాయి. సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, దాని అడుగున పేరుకున్నదే ఈ రాయి. ఇనుము ఆక్సైడ్ల వల్ల ఆ రంగు. దగ్గర్లోని హాబూర్ ఊరి రాయిని పట్టిచూస్తే గవ్వల ముక్కలు చుట్టలు చుట్టలుగా కనిపిస్తాయి. దాంతో చేసిన గిన్నెలో పాలు పోస్తే తోడు లేకుండానే పెరుగవుతుందని అమ్ముతుంటారు. పెరుగు చేసేది బ్యాక్టీరియా, రాయి కాదు. గిన్నె అందంగా ఉంది, కొనుక్కోండి, తోడు మాత్రం వేసుకోండి.

గోల్కొండ కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పగుళ్లలోంచి తప్ప దానిలోకి నీరు దిగదు. జైసల్మేర్ కోట ఉన్న త్రికూట కొండ అలా కాదు, బలహీనమైన అవక్షేప శిలల (ఇసుక, మట్టి లాంటివి పేరుకుని గట్టిపడిన రాళ్ల) పొరలు. వాటి మధ్య ఉండే బంకమట్టి లాంటి పొర తడిస్తే ఉబ్బుతుంది, పట్టు సడలుతుంది, పైన ఉన్న బరువంతా వాలు వైపు జారడం మొదలుపెడుతుంది. దీనికి తోడు కొండ అంచున కట్టిన గోడ వెనక నీరు నిలిస్తే ఆ ఒత్తిడి గోడను బయటికి తోస్తుంది. మన అపార్ట్‌మెంట్ సెల్లార్ల రిటైనింగ్ వాల్‌కి చిన్న చిన్న పైపు రంధ్రాలు వదులుతారు చూడండి, అవి వెనక చేరిన నీరు బయటికి రావడానికే.

మరి అంత నీరు ఎక్కడిది? ఒకప్పుడు ఆడవాళ్లు కింద గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్లు, అలా తెచ్చుకున్న నీటిని ఎవరు పారబోస్తారు! తర్వాత కుళాయిలు వచ్చాయి, బాత్‌రూములు వచ్చాయి, టూరిస్టుల కోసం గెస్ట్‌హౌసులు వచ్చాయి. వాడిన నీటిలో కొంత, పాత పైపుల్లోంచి కారేది కొంత, నేరుగా కొండలోకి దిగింది. రాణీ మహల్‌లో కొంత భాగం, బయటి ప్రాకారంలో కొన్ని చోట్లు కూలాయి. ప్రపంచంలో ముప్పులో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ 1996, 1998, 2000లో ఈ కోటను చేర్చింది. రాణీ మహల్‌ని మళ్లీ నిలబెట్టారు. 2013లో రాజస్థాన్ కొండ కోటలతో పాటు యునెస్కో గుర్తింపూ వచ్చింది. అయితే లోపల ఇప్పటికీ కొన్ని వేల మంది కాపురం ఉంటున్నారు, గోల్కొండలాగా టికెట్ పెట్టి సాయంత్రానికి తాళం వేసే వీలు లేదు. తాతల కాలం నుంచీ ఉన్న ఇల్లు వదిలి పొమ్మని ఎవరినైనా ఎలా అంటాం?

నీటి విషయంలో ఆ ప్రాంతం వాళ్లకున్న తెలివి తక్కువదేం కాదు. పాలీవాల్ బ్రాహ్మణుల ఖడీన్లనే తీసుకోండి. రాతి వాలు మీంచి జారే వాన నీటికి పల్లంలో పొడవాటి మట్టి కట్ట అడ్డం వేస్తారు, నీరు అక్కడే నిలిచి నేలలోకి ఇంకుతుంది, పైన ఆరాక ఆ తడి మీదే గోధుమ, శనగ వేస్తారు. అంటే నేలనే చెరువుగా వాడుకోవడం. వాళ్ల ఊరు కుల్ధారాని ఇప్పుడు దయ్యాల ఊరని చూపిస్తున్నారు. దయ్యాల కన్నా ఆ కట్టలు చూడటం మేలు.

హవేలీల గురించి, అంటే అక్కడి పాత పెద్ద భవంతుల గురించి రెండు ముక్కలు. పట్వాల హవేలీ 1805లో మొదలైంది, నిజానికి ఐదు ఇళ్లు. అక్కడి జాలీల్లోంచి, అంటే రంధ్రాలు చెక్కిన రాతి తెరల్లోంచి గాలి వేగం పెరిగి ఏసీలా పనిచేస్తుందని వీడియోల్లో ఊదరగొడతారు గానీ, అసలు పని చేసేది ముఖ్యంగా నీడ. మందపాటి గోడ, గోడ నుంచి పొడుచుకొచ్చిన ఝరోకా (కిటికీ బాల్కనీ), ఎండ నేల దాకా దిగనంత ఇరుకు సందు.

వెళ్తే మాత్రం కోట లోపల కాకుండా కింద ఊళ్లో గది తీసుకోండి. మీ షవర్ నీళ్లు కొండలోకి దిగవు, పైగా కోట బయటి నుంచి చూస్తేనే కదా కోటలా కనిపించేది.